కల రాస్తే కళ అయిందా? బ్రెయిలీ పోటీకి ఇలా సిద్ధపడు

"జనవరి 4న బ్రెయిలీ పోటీలు. చదవడం ఒకటి, రాయడం ఒకటి. పేర్లిచ్చేవాళ్ళు చేతులెత్తండి."

టీచరు ఈ మాట అనగానే నీ చెయ్యి బల్ల మీంచి కాస్త లేచింది. అంతలోనే మళ్ళీ దిగిపోయింది. ఎందుకు దిగింది?

"నేను నెమ్మదిగా చదువుతాను, నలుగురి ముందు పరువు పోతుంది" అనుకున్నావా? "స్లేటు మీద రాస్తే అన్నీ తప్పులే" అనుకున్నావా? లేకపోతే "ఇప్పుడు ఏదైనా ఫోనే చదివిపెడుతోంది, ఇంకా ఈ చుక్కలెందుకు" అనుకున్నావా?

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. ఫోను చదువుతుంటే నీకు మాట వినిపిస్తుంది. ఆ మాటలో ఏ అక్షరాలున్నాయో వినిపించదు. పరీక్ష హాల్లో నువ్వు స్క్రైబుకు జవాబు చెప్తున్నావనుకో. "విశేషం" అన్నావు. "ఇందులో ముందు ఏ శ, తర్వాత ఏ ష?" అని అతను అడిగాడు. చెవితోనే చదువుకున్నవాళ్ళు అక్కడ ఆగిపోతారు. వేలితో చదివినవాళ్ళు ఆగరు. మొదటిది 1, 4, 6 చుక్కల శ, రెండోది 1, 2, 3, 4, 6 చుక్కల ష అని వాళ్ళ వేలికి గుర్తుంటుంది. ఫోను వాడు, తప్పకుండా వాడు. కానీ అక్షరం నీ సొంతం కావాలంటే అది వేలి కిందికి రావాలి. రోజూ వేలు కదపడానికి పోటీ మంచి సాకు.

మిగతా రెండు భయాలకు జవాబే ఈ అధ్యాయం. మొదలుపెట్టే ముందు ఒక్క మాట. తన తప్పు ఎక్కడ పుడుతోందో తెలిసినవాళ్ళు నెల రోజుల్లో మారగలరు. అది తెలియకుండా ఎంత సాధన చేసినా, అదే తప్పును ఇంకాస్త వేగంగా చేయడం అలవాటవుతుంది. కాబట్టి ఈ నెలంతా మనం చేసేది ఒకటే పని: తప్పు పుట్టే చోటు వెతకడం.

పేరిచ్చే ముందు ఐదు ప్రశ్నలు

నియమాలు అడగడానికి మొహమాటపడకు. ఈ ఐదూ టీచరునో, పోటీ పెట్టేవాళ్ళనో అడిగి, జవాబులు బ్రెయిలీలో రాసిపెట్టుకో.

1. పోటీ ఏ భాషలో? తెలుగా, హిందీయా, ఇంగ్లీషా? మన దేశ భాషలన్నిటికీ 1951 నుంచి భారతి బ్రెయిలీ అనే ఉమ్మడి పద్ధతి ఉంది. తెలుగు క అయినా, హిందీ క అయినా 1, 3 చుక్కలే. అందుకే తెలుగు బాగా వచ్చిన వేలికి హిందీ అక్షరాలు కొత్తగా అనిపించవు. కానీ అక్షరం రావడం వేరు, మాట రావడం వేరు. నీకు మాటలు బాగా వచ్చిన భాషనే ఎంచుకో.

2. ఇంగ్లీషైతే ఏ గ్రేడు? గ్రేడ్ 1లో ప్రతి అక్షరం విడిగా రాస్తాం. గ్రేడ్ 2లో కుదింపులు ఉంటాయి. నువ్వు ఒకదానికి సిద్ధమై వెళ్తే అక్కడ ఇంకొకటి ఇస్తే ఎలా?

3. చదవాల్సింది తెలిసిన పాఠమా, కొత్త పేజీయా? పైకి చదవాలా, లేక మనసులో చదువుకుని ప్రశ్నలకు జవాబు చెప్పాలా?

4. రాయాల్సింది డిక్టేషనా, సొంత వ్యాసమా? స్లేటు మీదా, బ్రెయిలర్ మీదా? ఈ ప్రశ్న అడగనివాళ్ళ పరిస్థితి ఊహించుకో. ఒక అబ్బాయి నెలంతా పెర్కిన్స్ బ్రెయిలర్ మీద సాధన చేశాడు. ఎడమ నుంచి కుడికి రాయడం, రాసిన వెంటనే తడిమి చూసుకోవడం అతనికి అలవాటైంది. పోటీ రోజున స్లేటు, స్టైలస్ చేతిలో పెట్టారు. అంతా తిరగబడింది. వచ్చిన విద్యే, కానీ చేతికి కొత్త.

5. తప్పుకు మార్కు తీస్తారా? తప్పు అక్షరాన్ని ఎలా కొట్టేయాలి? ఆరు చుక్కలూ నింపేస్తే కొట్టివేత అని కొందరు అనుకుంటారు. తెలుగు బ్రెయిలీలో ఆరు చుక్కలూ నిండిన గడి అంటే ఢ. నువ్వు కొట్టేశాననుకున్నది దిద్దేవాళ్ళకు అక్షరంలా కనిపించవచ్చు. అందుకే ముందే అడుగు.

చదివే వేలికి నాలుగు అలవాట్లు

1. వేలిని పైకీ కిందికీ రుద్దకు.

అర్థం కాని గడి దగ్గర వేలు పైకీ కిందికీ ఆడుతుంది కదూ? దీని వెనక ఒక కథ ఉంది. లూయీ బ్రెయిలీ కంటే ముందు చార్లెస్ బార్బియర్ చుక్కల రాత ఒకటి తయారుచేశాడు. అందులో ఒక్కో గడికి పన్నెండు చుక్కల దాకా ఉండేవి. అవి ఒక్క స్పర్శలో వేలికొన కిందికి రావు. అక్షరం తెలియాలంటే వేలు ఎక్కి దిగాల్సిందే. ఆ ఇబ్బంది తెలిసిన విద్యార్థి లూయీ. 1824లో, పదిహేనేళ్ళ వయసులో, గడిని ఆరు చుక్కలకు కుదించాడు. ఎక్కకుండా, దిగకుండా, పక్కకు జరిగితే చాలు, అక్షరం అందేలా చేశాడు. అంటే నీ వయసువాడే ఈ కొలత నీ వేలికొనకు సరిపోయేలా కుదిర్చాడు. వేలిని పక్కకు మాత్రమే పోనివ్వు. తెలియని గడి వస్తే ఒక మాట వెనక్కి వెళ్ళి మళ్ళీ రా. అక్కడే నిలబడి రుద్దకు.

2. నొక్కకు, తాకు.

గట్టిగా నొక్కితే బాగా తెలుస్తుందనుకోవడం పొరపాటు. నొక్కేకొద్దీ వేలికొన మొద్దుబారుతుంది, చుక్కలు కూడా అణుగుతాయి. పరీక్షించి చూస్తావా? ఒకే పేజీని ఒకసారి నీ మామూలు ఒత్తిడితో, ఇంకోసారి అందులో సగం ఒత్తిడితో చదువు. మొదట రెండు మూడు వరుసలు కష్టంగా ఉంటాయి. తర్వాత వేలు తేలికపడుతుంది.

3. రెండు చేతులకూ పని పంచు.

చాలామంది కుడి చేత్తో వరుసంతా చదివి, చివరి నుంచి మళ్ళీ మొదటికి వచ్చి, కింది వరుస వెతుక్కుంటారు. సమయం పోయేది అక్కడే. ఎడమ చెయ్యి వరుస మొదలుపెట్టాలి. మధ్యలో కుడి చెయ్యి అందుకోవాలి. కుడి చెయ్యి వరుస పూర్తిచేసేలోపు ఎడమ చెయ్యి కింది వరుస మొదట్లోకి దిగి సిద్ధంగా ఉండాలి. మొదటి వారం ఇది గందరగోళంగా ఉంటుంది, నీ వేగం తగ్గినట్టు కూడా అనిపిస్తుంది. భయపడకు, వదలకు.

4. అర్థం వినిపించేలా చదువు.

పైకి చదివే పోటీలో వినేవాళ్ళు నీ చుక్కల్ని వినరు, వాక్యాన్ని వింటారు. ఒక అమ్మాయి గబగబా చదివి అందరికంటే ముందు ముగించింది. "కథలో ముసలమ్మ ఏం అడిగింది?" అంటే చెప్పలేకపోయింది. ఇంకో అమ్మాయి నిదానంగా, వాక్యం చివర ఆగుతూ, ప్రశ్నను ప్రశ్నలా పలుకుతూ చదివింది. నువ్వే న్యాయనిర్ణేతవైతే ఎవరికి ఎక్కువ మార్కులేస్తావు?

రాసే చేతికి అసలు పరీక్ష: అద్దం జంటలు

ఇప్పుడు స్లేటు దగ్గరికి వద్దాం. స్లేటు మీద మనం కాగితం వెనక నుంచి పొడుస్తాం. కుడి నుంచి ఎడమకు రాస్తాం. కాగితం తిప్పాక ఎడమ నుంచి కుడికి చదువుతాం. కాబట్టి రాసేటప్పుడు 1, 2, 3 చుక్కలు గడికి కుడి వైపున, 4, 5, 6 చుక్కలు ఎడమ వైపున ఉంటాయి.

ఒక అబ్బాయి డిక్టేషన్‌లో "నా కల నెరవేరింది" అని విన్నాడు. ల అంటే 1, 2, 3 చుక్కలు, కుడి నిలువు వరుస మొత్తం. తొందరలో ఎడమ వరుస కొట్టాడు. కాగితం తిప్పితే అక్కడ 4, 5, 6 చుక్కలున్నాయి. అంటే ళ. "నా కళ నెరవేరింది" అయింది. ఆ అబ్బాయికి ల, ళ తేడా తెలియక కాదు. చెయ్యి పక్క మారింది, అంతే. దీన్ని "స్పెల్లింగ్ రాదు" అని రాసేస్తే అతనికి అన్యాయం. దాని అసలు పేరు పక్క మార్పు. పేరు తెలిస్తే మందు తెలుస్తుంది.

మన తెలుగు బ్రెయిలీలో ఇలా ఒకటి ఇంకోదానికి అద్దంలో బొమ్మలా ఉండే జంటలు చాలా ఉన్నాయి. ముఖ్యమైనవి ఇవి:

1. క (1, 3), ఖ (4, 6)
2. బ (1, 2), భ (4, 5)
3. ల (1, 2, 3), ళ (4, 5, 6)
4. న (1, 3, 4, 5), డ (1, 2, 4, 6)
5. హ (1, 2, 5), జ (2, 4, 5)
6. ఇ (2, 4), ఏ (1, 5)
7. ఈ (3, 5), ఎ (2, 6)
8. ఓ (1, 3, 5), ఔ (2, 4, 6)

ఈ జాబితాను ఒక మందపాటి కాగితం మీద రాసి బ్యాగులో పెట్టుకో. రోజుకు ఒక జంట తీసుకో. ఒక వరుస ల, ఒక వరుస ళ, మూడో వరుసలో రెండూ మార్చి మార్చి రాయి. తర్వాత ఆ జంట వచ్చే మాటలు పది రాయి: కల, కళ, తల, తాళం, పాలు, వేళ, నీలం, పళ్ళెం... కాగితం తిప్పి చదువు. ఎన్ని పక్కలు మారాయో లెక్కపెట్టు. ఎనిమిది రోజుల్లో ఎనిమిది జంటలు. తొమ్మిదో రోజున నీ బలహీనమైన జంట ఏదో నీకే తెలుస్తుంది. కొందరికి న, డ దగ్గరే తడబాటు, "డబ్బు" కాస్తా "నబ్బు" అవుతుంది. ఇంకొందరికి ఇ, ఏ దగ్గర. నీదేది?

వత్తు దగ్గర ఆగి ఆలోచించు

డిక్టేషన్‌లో మార్కులు జారిపోయే ఇంకో చోటు వత్తులు. మామూలు రాతలో వత్తు అక్షరం కిందో పక్కనో వస్తుంది. బ్రెయిలీలో కింద అనేది లేదు. వత్తుకు ముందుండే హల్లు కంటే ముందే 4వ చుక్క పెట్టాలి. "అమ్మ" రాయాలంటే నాలుగు గడులు: అ, 4వ చుక్క, మ, మ. ఆ ఒక్క చుక్క మరిచిపోతే అమ్మ కాస్తా "అమమ" అవుతుంది.

ఇక్కడ కష్టం ఏమిటంటే, వత్తు ఉందని చెవికి తెలిసేసరికి మొదటి మ రాసేసి ఉంటాం. కాబట్టి డిక్టేషన్‌లో మాట వినగానే స్టైలస్ ఆడించకు. మాట మొత్తం విని, మనసులో ఒకసారి విడదీసుకుని, అప్పుడు రాయి. "స్త్రీ" లాంటి మాటలో 4వ చుక్క రెండుసార్లు వస్తుంది: స ముందు ఒకటి, త ముందు ఒకటి. ఇలాంటి మాటలు ఇరవై ఏరుకో: రాష్ట్రం, వస్త్రం, శాస్త్రం, ఉత్సవం, విద్యార్థి, స్వాతంత్ర్యం. రోజూ ఐదు రాయి.

గుణింతం విషయంలో మాత్రం బ్రెయిలీ మనకు మేలు చేసింది. "కి" అంటే క పక్కన ఇ, అంతే. గుడికీ, కొమ్ముకీ వేరే గుర్తులు లేవు.

నాలుగు వారాల ప్రణాళిక

రోజుకు నలభై నిమిషాలు చాలు. ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు కూర్చుని వారమంతా మానేస్తే వేలు మరిచిపోతుంది.

1. మొదటి వారం: కొలత. ఇరవై నిమిషాలు చదువు, ఇరవై నిమిషాలు రాయి. మూడు రోజుల పాటు, నిమిషానికి ఎన్ని మాటలు చదివావో ఒక స్నేహితుడిని లెక్కపెట్టమను. ఆ మూడింటి సగటు నీ మొదటి అంకె. దాన్ని పక్కవాడి అంకెతో పోల్చకు. పోల్చాల్సింది నాలుగో వారంలో నీ అంకెతోనే.

2. రెండో వారం: అద్దం జంటలు, రెండు చేతుల చదువు. వేగం గురించి ఈ వారం ఆలోచించకు.

3. మూడో వారం: మార్పిడి. నువ్వు ఒక పేజీ రాసి స్నేహితుడికివ్వు, అతని పేజీ నువ్వు తీసుకో. ఒకరి తప్పులు ఒకరు వెతకండి. కొత్త బ్రెయిలీ పుస్తకం దొరకలేదన్న బాధ దీంతో తీరుతుంది, తప్పు పట్టే వేలూ తయారవుతుంది. అమెరికాలో బ్రెయిలీ ఇన్‌స్టిట్యూట్ నిర్వహించే బ్రెయిలీ ఛాలెంజ్‌లో ఇలా తప్పులు పట్టడమే ఒక విడి పోటీ. ఇదీ చదువులో భాగమేనని దాన్ని బట్టి తెలియడం లేదూ?

4. నాలుగో వారం: అసలు పోటీలాగే. అంతే సమయం, అదే పరికరం, వినడానికి నలుగురు. కనీసం మూడుసార్లు చెయ్యి. చివరి రోజు కొత్తగా ఏమీ నేర్చుకోకు.

అందరూ చేసే ఆరు పొరపాట్లు

1. కాగితం వంకరగా బిగించడం. మొదటి వరుస వంకరపోతే పేజీ అంతా వంకరే. బిగించాక కాగితం అంచు, స్లేటు అంచు ఒకే తీరున ఉన్నాయా అని వేలితో రెండు వైపులా చూసుకో.

2. గైడును కిందికి జరిపేటప్పుడు రంధ్రంలో సరిగా కూర్చోబెట్టకపోవడం. అలా చేస్తే వరుస మీద వరుస పడుతుంది. గైడు కూర్చున్న శబ్దం విన్నాకే రాయి.

3. స్టైలస్‌ను వాల్చి పొడవడం. చుక్క ఒక పక్కకు చిరుగుతుంది. నిటారుగా పట్టుకో, ఒకే బలంతో నొక్కు. చుక్క పడిన శబ్దం ప్రతిసారీ ఒకేలా వినిపిస్తోందా?

4. మాటకూ మాటకూ మధ్య గడి వదలడం మరిచిపోవడం. తొందరలో ఎక్కువగా జరిగేది ఇదే.

5. ఒక తప్పు దగ్గర ఆగిపోవడం. డిక్టేషన్ చెప్పేవాళ్ళు ముందుకు వెళ్ళిపోతారు. నువ్వు ఒక అక్షరం దిద్దుతూ కూర్చుంటే ఒక వాక్యం పోతుంది. తప్పు తెలిసిందా? మనసులో గుర్తుపెట్టుకుని సాగిపో. చివర్లో సమయం ఉంటే దిద్దు.

6. చదువుతూ తడబడినప్పుడు "సారీ" చెప్పడం. క్షమాపణ ఎవరూ అడగలేదు. ఆ మాటను సరిగ్గా ఇంకోసారి చదివి ముందుకు వెళ్ళు.

పోటీ రోజున

జనవరి పొద్దున చలికి వేళ్ళు కొయ్యబారతాయి. అరచేతులు రుద్దుకుని, గోరువెచ్చని నీళ్ళతో కడుక్కుని, పూర్తిగా తుడుచుకో. టిఫిన్‌లో పూరీ తిన్న చేత్తో పేజీ ముట్టుకుంటే వేలు జారుతుంది. సబ్బుతో కడుక్కోవడం మరవకు. చెమట పట్టే చేతులైతే జేబురుమాలు దగ్గర పెట్టుకో.

నీ స్లేటు, రెండు స్టైలస్‌లు, పది కాగితాలు రాత్రే బ్యాగులో సర్దుకో. అలవాటైన స్టైలస్ పిడి చేతికి ఎంత ధైర్యమో నీకు తెలుసు. గదిలోకి కాస్త ముందు వెళ్ళు. బల్ల ఎత్తు చూసుకో. మోచేతులు బల్ల మీద ఆనేలా కుర్చీ జరుపుకో. బ్రెయిలరైతే ఒక కాగితం ఎక్కించి ఆరు మీటలూ ఒకసారి నొక్కి చూడు. ఏదైనా మీట మొరాయిస్తే పోటీ మొదలవకముందే చెప్పు. అది ఫిర్యాదు కాదు, నీ హక్కు.

చదవడానికి పేజీ ఇవ్వగానే మొదలుపెట్టేయకు. రెండు చేతులతో పేజీ మొత్తం ఒకసారి తడిమి చూడు. శీర్షిక ఎక్కడ, పేరాలు ఎన్ని, చివరి వరుస ఎక్కడ? దారి తెలిసిన వేలికి భయం తగ్గుతుంది.

ఇంట్లోవాళ్ళకు ఒక మాట

అమ్మా, నాన్నా, ఈ పేరా మీకు. మీకు బ్రెయిలీ రాకపోయినా సాయం చేయగలరు. రోజూ పది వాక్యాలు డిక్టేషన్ చెప్పండి. మాటను స్పష్టంగా, రెండుసార్లు, ఒకే వేగంతో చెప్పండి. పిల్లల చెయ్యి పట్టుకుని పేజీ మీద లాగకండి. వేలు తనంతట తాను వెతుక్కోవాలి. వీలైతే మీరూ నేర్చుకోండి. గుడ్ల ట్రేలో రెండు వరుసల్లో మూడేసి గుంటలు వచ్చేలా ముక్క కత్తిరించి, నిమ్మకాయలు పెడుతూ పిల్లలనే పాఠం చెప్పమనండి. ఇంట్లో టీచరైన పిల్లకు ఆ అక్షరాలు ఇక మరపుకు రావు.

ఫలితాల తర్వాత

బహుమతి వచ్చిందా? సంతోషం. రాలేదా? ఇంటికి వెళ్ళే ముందు ఒక పని మాత్రం తప్పకుండా చెయ్యి. నువ్వు రాసిన కాగితం అడిగి తీసుకో. చాలామంది సర్టిఫికెట్ తీసుకుని కాగితం వదిలేస్తారు. నీకు పాఠం చెప్పేది ఆ కాగితమే.

సాయంత్రం తీరిగ్గా కూర్చుని వేలితో మొదటి నుంచి చదువు. ఏ ల దగ్గర పక్క మారింది? ఏ వత్తు ముందు 4వ చుక్క పోయింది? ఏ వరుస దాటాక తప్పులు పెరిగాయి? అంటే నీ చెయ్యి అక్కడ అలసిపోయిందన్నమాట. ఇవన్నీ కాగితం చివర తేదీతో సహా రాసిపెట్టు.

ఆ కాగితాన్ని పుస్తకాల దొంతర కింద మాత్రం పెట్టకు, చుక్కలు అణిగిపోతాయి. నిలువుగా, బరువు పడని చోట దాచు. వచ్చే ఏడాది టీచరు మళ్ళీ "పేర్లిచ్చేవాళ్ళు చేతులెత్తండి" అనగానే ముందు చెయ్యెత్తు. ఇంటికొచ్చాక ఆ కాగితం తీసి వేలు పెట్టు. సాధన ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టాలో అందులో నువ్వే రాసి పెట్టుకున్నావు.